ఎవర్రా ఆ రాణి?

చదరంగం క్లబ్బులో పళ్ళ డాక్టరమ్మ చేతిలో ఓడిపోవడం కళ్ళజోళ్ళ షాపు అబ్బాయికి కొత్త కాదు. కానీ ఈసారి పోటీ ఆట. చూడవచ్చినవాళ్ళు కుర్చీలు సర్దుకునేలోపే ఓడిపోయాడు.

"మీకు ఆట వచ్చు. మొదలుపెట్టడమే రాదు," అందామె పావులు సర్దుతూ. "సోమవారం నేను వేరే ఊరి ఆసుపత్రిలో చేరుతున్నాను. ఈలోగా మీ ఓపెనింగ్ బాగుచేసి పోతాను. రేపు మీ ఇంటికొస్తా. ఈ ఆటే మళ్ళీ వేసి చూద్దాం."

ఓపెనింగ్ సంగతి అతని చెవికెక్కలేదు. 'పోతాను' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. వెళ్ళేలోగా చెప్పెయ్యాలి. ఎలా?

మర్నాడు ముందుగదిలో బోర్డు పరిచారు. వంటింట్లో అమ్మమ్మ టీ పెడుతోంది. ఆవిడ చెవులు పెద్దవి, గుండె చిన్నది. మనవడు షాపు నుంచి కాస్త ఆలస్యమైతే వీధి చివరికి వెళ్ళి నిలబడే మనిషి.

"ఇదిగో, ఇక్కడే చెడింది," డాక్టరమ్మ గొంతు వినిపించింది. "రాణిని అంత తొందరగా బయటికెందుకు తీసుకొచ్చారు?"

"ఏదో... ఆవేశంలో."

"వెనకాముందూ ఎవరూ లేకుండా తెస్తే ఏమవుతుంది? అందరూ చుట్టుముట్టారు. పారిపోవడానికి దారి లేదు. చివరికి పోయింది కదా, పాపం!"

వంటింట్లో గిన్నె కిందపడింది. అమ్మమ్మ గరిటెతో సహా ప్రత్యక్షమైంది.

"ఎవర్రా ఆ రాణి?"

"అయ్యో, రాణంటే... నువ్వు నేర్పావు కదా అమ్మమ్మా, మంత్రి!"

"మంత్రిగారి అమ్మాయా!" అమ్మమ్మ గోడ పట్టుకుంది. "ఓరి నీ దుంప తెగ! వాళ్ళు మనల్ని బతకనిస్తార్రా?"

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. బల్ల మీద వాలిపోయి నవ్వింది. బంట్లు కింద దొర్లాయి. కళ్ళు తుడుచుకుని పావు ఎత్తి చూపించింది.

"ఈవిడేనండీ. మీ మంత్రి, మా రాణి."

అమ్మమ్మ ఆ బొమ్మను చూసింది. ఈ పిల్లను చూసింది.

"ఎదురుగా ఇంత లక్షణమైన పిల్లుంటే, చెక్కబొమ్మ గురించి మాట్లాడతావేంరా మొద్దూ!"

అబ్బాయి నేల మీది బంట్లను చాలా శ్రద్ధగా ఏరసాగాడు.

"నోరు తెరవండి," అంది డాక్టరమ్మ.

ఆ గొంతులోని అధికారానికి 'ఆ' అని తెరిచేశాడు. ఆమె వంగి చూసింది. "పళ్ళు బాగానే ఉన్నాయి. మాటే ఎక్కడో ఇరుక్కుంది."

"మీరెదురుగా కూర్చుంటే బుర్ర పనిచెయ్యదండీ," అన్నాడు ఒక్క గుక్కలో. "చేతికి ఏది పెద్దదిగా తగిలితే అది జరిపేస్తాను. నేను క్లబ్బుకి గెలవడానికి రావట్లేదు. మీకోసం వస్తున్నాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. రాణిని మెల్లగా దాని గడిలో పెట్టింది.

"ఇప్పుడు కుదిరింది ఓపెనింగ్. ఇకమీదట తొందరపడకండి. ఒంటరిగా కాదు, అమ్మమ్మగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి రండి. ఆదివారాలు నేనెలాగూ ఈ ఊరికి వస్తాను. ఆట మధ్యలో లేచిపోయే అలవాటు నాకు లేదు."

టీ తాగి లేచింది. "వెళ్తానండీ."

అమ్మమ్మ గుమ్మానికి గరిటె అడ్డం పెట్టింది. "వెళ్తానని వెళ్ళినవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు తల్లీ. సరిగ్గా చెప్పు."

"వెళ్ళొస్తాను, అమ్మమ్మా."

గరిటె పక్కకు తప్పుకుంది.