అంకె మార్చిన చేయి

గ్యాస్ ప్లాంట్ ఇన్‌స్పెక్టర్‌ను లిఫ్ట్‌లో కాల్చి చంపారు. పెద్ద ట్యాంకు సేఫ్టీ వాల్వ్‌ను ఎవరో కదలకుండా బిగించారని అతను ఫోన్‌లో చెబుతుండగానే మాట తెగిపోయింది.

"అతని స్థానంలో నువ్వెళ్లు," అన్నాడు బాస్. "విదేశీ ముఠా మనిషి లోపలే ఉన్నాడు. ప్లాంట్ ఆపితే జారిపోతాడు. ట్యాంకు పేలేలోపు పట్టుకో."

ఏజెంట్ ఉడత నెరిసిన విగ్గు సర్దుకున్నాడు. "లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా సార్?"

"లేడీ ఇంజనీర్. డబుల్ ఏజెంట్. మీ మనిషినే అంటోంది. వాళ్లకీ అదే చెప్పి ఉంటుంది."

ప్లాంట్‌లో గేటు తీసిన గార్డు మీదా అనుమానమే, అడగకుండానే దారి చూపిన గుమాస్తా మీదా అనుమానమే. క్యాంటీన్‌లో మాత్రం ప్యాకింగ్ చేసే ఒకావిడ బెంచీ మీద పక్కకు జరిగింది. "కూర్చో అన్నయ్యా, నిలబడితే ఆకలి తీరుతుందా?" అంది. గోడకు అవతలే ట్యాంకు. అది పేలితే ఆ బెంచీ మీద ఒక్కరూ మిగలరు.

ఎదురుగా ఉన్న ముసలి కెమిస్టు గొంతు తగ్గించాడు. "బాబూ, ఆ ఇంజనీరమ్మ మీద ఓ కన్నేసి ఉంచు. ట్యాంకులో ఎంత గ్యాస్ పట్టించాలో మిషన్ ఫార్ములాతో లెక్కేస్తుంది. అందులో గ్యాస్ స్థిరాంకం R విలువ 0.0821. లీటర్ల లెక్కకి అదే. ఎవరైనా దాన్ని మార్చారంటే కొంప ముంచడానికే."

ఉడత కంట్రోల్ రూమ్‌కు వెళ్లేసరికి ఫిల్లింగ్ మొదలైంది. గేజ్ ముల్లు ఎక్కుతోంది. ఎర్రటి లిప్‌స్టిక్, ముత్యాల కమ్మలు పెట్టుకున్న ఇంజనీర్ స్క్రీన్ మీదికి వంగి ఉంది.

"వాన వచ్చేలా ఉంది," అన్నాడు, కోడ్ ప్రకారం.

"గొడుగు ఎండబెట్టాను," అంది ఆమె తల తిప్పకుండా. సరైన జవాబే. కానీ ఆమె వేళ్లు 0.0821 చెరిపేసి 8.314 కొట్టాయి.

ఉడత జేబులోని పెన్ను పిస్టల్‌గా మారింది. "చేతులెత్తు!"

"నే చెప్పలేదా బాబూ? కాల్చెయ్!" వెనకే వచ్చిన కెమిస్టు అరిచాడు.

ముల్లు ఎర్రగీతకు దగ్గరవుతోంది. "ఇద్దరూ చెప్పండి. R ఎంత?" అన్నాడు ఉడత.

"0.0821! ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు కెమిస్టు.

"ఏ యూనిట్లలో అయ్యా?" అంది ఇంజనీర్ విసుగ్గా. "వాల్యూమ్ లీటర్లలోనే ఉంది, సరే. ప్రెజర్ దేంట్లో ఉందో చెప్పాడా? కళ్లున్నాయిగా, స్క్రీన్ చూడు."

చూశాడు. ప్రెజర్ గడి పక్కన చిన్న అక్షరాల్లో కిలోపాస్కల్స్ అని ఉంది.

కాలేజీలో ఈ తప్పుకే అతనికి మార్కులు తెగ్గోసేవారు. లీటర్లకు అట్మాస్ఫియర్లు జతైతే 0.0821. కిలోపాస్కల్స్ జతైతే 8.314. ఇక్కడ పాత అంకె ఉంటే మిషన్ వంద రెట్ల గ్యాస్ కావాలనుకుంటుంది, ట్యాంకు పగిలేదాకా ఆగదు. కెమిస్టు చెప్పింది సగం నిజం. మిగతా సగం మింగేశాడు.

"ఎంటర్ కొట్టండి!"

కెమిస్టు తలుపు వైపు దూకాడు. ఉడత కాలు అడ్డం పెట్టాడు. ముసలాయన బోర్లాపడ్డాడు, కోటులోంచి స్పానర్, బుల్లి రేడియో దొర్లాయి. ఇంజనీర్ ఎంటర్ కొట్టగానే ఫిల్లింగ్ వాల్వ్ ధడేల్‌మని మూసుకుంది. ముల్లు ఎర్రగీతను తాకబోయి ఆగింది. గోడ అవతల గిన్నెల చప్పుడు, ఎవరిదో నవ్వు.

ఉడత కెమిస్టు చేతులు వెనక్కి విరిచి కట్టేశాడు. ఇంజనీర్ చక్కెర ఎక్కువేసి టీ కలిపి, కప్పు ఉడత ముందుకు జరిపింది.

కాసేపటికి కాలర్ మైక్‌లో బాస్ గొంతు వినిపించింది. "ఇంతకీ ఆమెను నమ్మొచ్చా?"

"ఇంకా తేలలేదు సార్. టీలో విషముందేమోనని ముందు ఆమెనే తాగమన్నాను."

"తాగిందా?"

"కప్పు ఖాళీ చేసింది సార్."