మసి మీద అక్షరం

తండ్రి మీద ఫిర్యాదు చేయాలంటే దయామణికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచేది కాదు. సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఆదివారం ఆరాధన మానింది లేదు. ఇన్ని మంచి గుణాలున్న మనిషి ఒక్క చెడ్డపని చేస్తే ఊళ్లో ఎవరూ నమ్మరు. అదీ ఆ పిల్ల బాధ.

ఆ చెడ్డపని ఇంటి ముందే నిలబడి ఉంది. ఆమె తండ్రి జీవరత్నంగారు మిషను ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరు. అక్కడి పళ్ల డాక్టరు దొర స్వదేశం వెళ్లిపోతూ తన పాత వ్యానును ఆయనకిచ్చి పోయాడు. అందులో రెండు మడత మంచాలు, కిరసనాయిలు స్టవ్వు, కిటికీలకు పూలతెరలు. భవానీపురంలో పెంకుటిల్లు కారుతుంటే బాగుచేయించడం మానేసి, ఆయన దిండు పట్టుకుని వ్యానులోకి వెళ్లిపోయేవారు.

రిటైరయ్యాక ఆయన కోరిక ఒకటే. కృష్ణ కరకట్ట వెంట పోతూ, ఎక్కడ పొద్దుగూకితే అక్కడ వండుకుతిని, సముద్రం చూసి రావాలి. తీరా బయల్దేరదామనుకునేసరికి ఇంజను నీలంపొగ కక్కి గడగడలాడింది.

ఆటోనగర్లో షెడ్డు నడిపే జాన్‌బాబు చెవి పెట్టి విన్నాడు. పాతికేళ్లుంటాయి. చేతులకు తప్ప ముఖానికి గ్రీజు లేదు.

"విప్పితేగానీ చెప్పలేనండి. పిస్టన్ రింగులే అయితే ఎనిమిదొందలు. క్రాంకు, అంటే లోపలి ఇరుసు కూడా పోతే రెండువేల నాలుగొందలు. ఇలాగే అమ్మితే పదిహేనొందలొస్తాయి. విప్పాక మాత్రం తుక్కు కిందే లెక్క."

"ఆ రెండువేల నాలుగొందలూ నా మూడేళ్ల జీతంలో మిగిల్చింది, నాన్నా," అంది బళ్లో టీచరైన దయామణి. "ఇంటి కప్పు కోసం."

"కప్పు ఎక్కడికి పోతుందమ్మా?"

"పోబట్టే కదా వేయిద్దామంటున్నాను."

కూతురు వాదనలో గెలిచింది. తండ్రి మొహం చూసి ఓడింది. విప్పడానికి ఒప్పుకుంది.

ఇంజను విప్పేటప్పుడు మన మనిషి పక్కన ఉండాలని, లేకపోతే మన సామాను ఇంకో బండిలోకి పోతుందని ఊళ్లో అందరూ చెప్పే మాట. వేసవి సెలవులు కాబట్టి కాపలా దయామణికి పడింది. స్టూలు మీద కూర్చుని, జడలోంచి హెయిర్‌పిన్ను తీసి, బయటకొచ్చిన నాలుగు పిస్టన్ల నెత్తినా 'ద' అని గీసింది.

"మా షెడ్డులో పిస్టన్లకు బాప్తిస్మం ఇవ్వడం ఇదే మొదలండి," అన్నాడు జాన్‌బాబు.

"పేరు పెట్టకపోతే తప్పిపోతాయని."

"అంటే నా మీద నమ్మకం లేదు."

"హెయిర్‌పిన్ను మీద ఉందండీ."

మూడో రోజు సాయంత్రం వాన దంచింది. ఇద్దరూ వ్యానులోకి పరిగెత్తారు. జాన్‌బాబు స్టవ్వు వెలిగించి టీ కాచాడు. గ్లాసు అందిస్తూ ఆమె వైపు చూడలేదు.

"క్రాంకు కూడా పోయిందండీ. ఈ మాట చెబితే మీరు బండిని తుక్కుకిచ్చేస్తారు. ఇచ్చేస్తే మళ్లీ ఇటు రారు. అయినా పోయినదాన్ని పోలేదనలేను కదా."

దయామణి టీ అంతా తాగేసింది. అందులో చక్కెర వేయలేదని ఇంటికెళ్లాక గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే డబ్బు తీసుకుని వచ్చింది. గోనెపట్టా మీద పిస్టన్లు శుభ్రంగా వరసలో ఉన్నాయి. మూడింటి మీద 'ద' ఉంది. నాలుగోదాని మీద లేదు.

"నాలుగోది మార్చేశారు."

పక్క షెడ్లవాళ్లు తలలెత్తారు. జాన్‌బాబు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"దొంగనన్నాక నేనిక మీ బండి ముట్టుకోనండీ. తీసుకెళ్లండి."

ఇంజను సామానంతా గోనెసంచిలో వేసి, లారీ వెనక తాడు కట్టి, బెంజ్ సర్కిల్ మీదుగా వ్యానును ఇంటికి లాక్కెళ్లారు. జీవరత్నంగారు స్టీరింగు పట్టుకుని, దారిలో తెలిసినవాళ్లందరికీ నమస్కారాలు పెట్టారు.

దయామణి వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు, తినలేదు. ఎనిమిదో రోజు జీవరత్నంగారు సంచి విప్పి, పిస్టన్లను పేపరు మీద పరిచి, కళ్లజోడు పెట్టుకున్నారు.

"నాలుగింటి మీదా కంపెనీ నంబరు ఒకటే. అరుగుదలా ఒకటే. ఇది మనదేనమ్మా."

"మరి నా అక్షరం?"

"నువ్వు గీసింది లోహం మీద కాదు, మసి మీద. మసి గీకితే పోదూ? ముప్పై ఏళ్లు సీసాలకు చీటీలంటించాను. చీటీ ఊడితే మందు మారిపోయిందని ఏనాడూ అనలేదు." కళ్లజోడు పైకి తోసుకుని అన్నారు. "అది సరే. మిగతా మూడింటి మీదా ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించావా?"

దయామణి వంగి చూసింది. మూడు పిస్టన్లూ వెండిగిన్నెల్లా మెరుస్తున్నాయి. నడిమధ్యన మాత్రం బొటనవేలంత మసి, ఆ మసిలో ఆమె అక్షరం. చుట్టూ ఎంతో ఓపికగా తోమి, అక్కడికి మాత్రం చెయ్యి పోనివ్వలేదు.

మర్నాడు ఆమె వెళ్లేసరికి జాన్‌బాబు లేత్ మిషను దగ్గర ఉన్నాడు.

"మసి ఉంచితే ఇంజనుకు మంచిదా అండీ?"

"కాదు. గీకడానికి చెయ్యి రాలేదు."

"నాలుగోది?"

"దాన్నీ ఉంచుదామనే చూశాను. పెచ్చులా ఊడొచ్చేసింది." అతను పని మీంచి తల ఎత్తలేదు. "మీరు రాగానే చెబుదామనుకున్నాను. చెప్పనిస్తేగా."

దయామణి పర్సు తీసి బల్ల మీద పెట్టింది. "బండి మళ్లీ తెప్పిస్తాను, బిగించండి. కప్పు వచ్చే ఏడు వేయించుకుంటాం. నాన్న సముద్రం చూడాలి."

"దారిలో ఆగిపోతే?"

"మెకానిక్కు పక్కనే ఉంటే ఆగదు."

"మీ నాన్నగారు ఒప్పుకోవద్దూ?"

"పొద్దున్నుంచీ ఆయన వ్యానులో మూడో మంచం ఎక్కడ పడుతుందో టేపుతో కొలుస్తున్నారు."

జాన్‌బాబు మొదటిసారి తలెత్తాడు. నవ్వు ఆపుకుంటున్నాడని ఎర్రబడ్డ చెవులు చెబుతున్నాయి.

"సరేనండి. మరి ఆ రోజు ఇంతమంది ముందు అన్న మాట?"

ఆమె ఏదో గొణిగింది.

"లేత్ మోతలో వినపడలేదు."

అతను చెయ్యి చాచి స్విచ్చి ఆపాడు. పక్క షెడ్లలో సుత్తి దెబ్బలు కూడా ఆగిపోయాయి. దయామణి కొంగు సర్దుకుని, ఆఖరి బెంచీదాకా వినపడే తన బడి గొంతుతో చెప్పింది:

"తప్పు నాదేనండీ జాన్‌బాబుగారూ. మీరేమీ మార్చలేదు. నేనే పొరబడ్డాను."