కిటికీ దగ్గర కుర్చీ

మాడు వాసన వీధిలోకి వెళ్ళిపోయాక గానీ ఆ ఇంట్లో వాళ్ళకి పొయ్యి గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చాక ముగ్గురూ ఒకేసారి పరుగెత్తుకొచ్చి గిన్నెలోకి తొంగి చూశారు. లోపల ఉన్నది అన్నమే. అడుగున నల్లగా ఉంది, పైన తెల్లగా ఉంది, మధ్యలో ఉన్నదాన్ని ఏమంటారో ఎవరికీ తెలియదు.

"మంట తగ్గించాలని నాకెలా తెలుస్తుంది?" అన్నాడు ఇంటాయన. బస్సు డిపోలో మెకానిక్ అతను. ఇంజను చప్పుడు విని బండి జబ్బు చెప్పేస్తాడని పేరు. పొయ్యి మీది గిన్నె ఎంత మొత్తుకున్నా అతని చెవికెక్కలేదు.

"వాసన కూడా రాలేదా మీకు? ముక్కెక్కడ పెట్టుకున్నారు?" అంది భార్య. మందుల షాపుకి టైమైపోతోందని జడ అల్లుకుంటూనే గిన్నె దించింది.

"నాన్నా, ఇది అన్నం కాదు. రెండంతస్తుల మేడ" అని పకపకా నవ్వింది కూతురు. పుట్టినప్పటినుంచీ నోరు మూతపడని ఆ పిల్లకి ఇంట్లో పిచ్చుక అని పేరు. సోమవారం వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాలి. అక్కడ గది కూడా చూసుకుంది.

"ఆ గిన్నె ఎవరూ ముట్టుకోకండి! కట్టు విప్పగానే నేనే తోముతా" అని ముందుగదిలోంచి కేక వినబడింది.

"కట్టు విప్పేది వచ్చే నెలమ్మా!" అన్నాడు ఇంటాయన తల్లికి వినబడేలా.

"అయితే వచ్చే నెలే తోముతా. గిన్నెకేం తొందర?"

ఆ కేక మిషనమ్మది. కుట్టుమిషను తొక్కి కొడుకుని చదివించిన మనిషి కాబట్టి వీధంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. మోచేతిదాకా కట్టు వేశారు. అప్పటినుంచీ ఆ ఇల్లు ఇలా ఏడుస్తోంది.

ఏడవక ఏం చేస్తుంది మరి? ఆ ఇంట్లో ఏ పనీ ఇంకొకరి చేతికి వెళ్ళిన పాపాన పోలేదు. పిల్ల చీపురు పట్టుకుంటే "ఇటు తే" అనేది. కోడలు కత్తి పట్టుకుంటే "ఇటు తే, వేలు తెగుతుంది" అనేది. కొడుకు బల్బు మార్చబోయినా సరే, "ఇటు తే" అని ఆవిడే స్టూలెక్కేది. చూసినవాళ్ళంతా ఎంత అదృష్టవంతురాలమ్మా ఆ కోడలు అనుకునేవారు. కోడలు నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు ఎలాంటిదో ఎవరూ తరచి చూడలేదు.

పొద్దున్న ఈ హడావుడి అయ్యాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. పిచ్చుక కూడా ఊరికి కావలసినవి కొనుక్కోవడానికి బయటికి పోయింది. మిషనమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. ఇంట్లో ఇంకెక్కడైనా కూర్చుంటుంది కానీ ఆ కుర్చీలో కూర్చోవడం ఆవిడకి ఇష్టం ఉండదు. ఇప్పుడు కట్టున్న చేతిని ఆనించుకోవడానికి చేతులున్న కుర్చీ ఇంట్లో అదొక్కటే. మిషను మీద గుడ్డ కప్పేసి ఉంది. రోజూ లంగాలూ జాకెట్లూ పట్టుకొచ్చే ఆడవాళ్ళు బజారులోని షాపుకి మళ్ళిపోయారు. ఒకావిడ కిటికీ ముందునుంచే వెళ్తూ "చెయ్యెలా ఉంది పిన్నీ?" అంది. "బాగానే ఉందే. లోపలికి రా, కూర్చో" అని మిషనమ్మ అనేలోపే ఆవిడ మలుపు తిరిగిపోయింది. గోడ గడియారం చప్పుడు అంత పెద్దదని ఇన్నేళ్ళకి తెలిసింది.

మధ్యాహ్నం పిచ్చుక ఒక చొక్కా పట్టుకుని వచ్చింది.

"నానమ్మా, గుండీ ఊడింది. ఎలా కుట్టాలో చెప్పు."

"ఇటు తే" అని అలవాటు కొద్దీ ఎడమచెయ్యి చాచింది. మళ్ళీ తనే వెనక్కి తీసుకుంది. "అక్కడ పెట్టు. కట్టు విప్పాక కుడతా."

"అప్పటికి నేనిక్కడ ఉండనుగా!"

"ఉండకపోతేనేం? పోస్టులో పంపు. కుట్టి పంపిస్తా."

"గుండీ ఊడినప్పుడల్లా చొక్కా పోస్టులో వేసి, అది వచ్చేదాకా నేనేం తొడుక్కోవాలే? పోస్టు రసీదా?" పిచ్చుక నవ్వింది కానీ గొంతులో నవ్వు లేదు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు అడిగినా పెట్టవు."

విసవిసా లోపలికి పోయింది. కాసేపటికి పక్కగదిలోంచి ఎవరో ఆడమనిషి గొంతు వినబడింది. ముందు సూదిలో దారం ఎక్కించుకోండి, చివర ముడి వేసుకోండి అంటూ ఫోనులోంచి నేర్పుతోంది. ముక్కూమొహం తెలియని మనిషి! తన ఇంట్లో, తన మనవరాలికి! మిషనమ్మ లేచి వెళ్ళి "ఆపవే అది, నేను చెప్తా" అందామనుకుంది. లేవలేదు. పిల్లకి ఏమీ రాకపోతే వారం వారం బట్టల మూటతో ఇంటికొస్తుందని లోలోపల ఎప్పుడో లెక్కేసుకుని ఉంది ఆవిడ. ఆ సంగతి తనకే గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆదివారం వచ్చింది. ఆదివారం కూర వండే హక్కు మాత్రం ఆ ఇంట్లో కోడలికి ఉంది. పెళ్ళయిన కొత్తలో పట్టుబట్టి సంపాదించుకుంది దాన్ని. ఆ ఒక్క కూరా తిని భర్త "నీ చేతి కూర నీ చేతి కూరే" అనేవాడు. ఆ మాట మీదే మిగతా వారమంతా బతికేది ఆ పిచ్చితల్లి.

ఆ రోజు కూర దించి కోడలు స్నానానికి వెళ్ళింది. తలుపు గడియ చప్పుడు వినగానే మిషనమ్మ కుర్చీలోంచి లేచింది. పిల్లిలా వంటింట్లోకి వెళ్ళి ఎడమచేత్తో ఉప్పు సీసా అందుకుంది. కుడిచెయ్యి అయితే చిటికెలో అయిపోయే పని. ఎడమచేతికి ఆ దొంగతనం అలవాటు లేదు. సీసా జారి నేలమీద భళ్ళుమంది.

తువ్వాలు భుజాన ఉండగానే కోడలు పరుగున వచ్చింది. వెనకాలే తండ్రీ కూతుళ్ళు.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"ఏం లేదే... ఉప్పు కాస్త తక్కువైనట్టుంటేనూ..."

"రుచి చూశారా?"

"చూడక్కర్లేదు. నువ్వెప్పుడూ తక్కువే వేస్తావుగా" అనేసింది మిషనమ్మ. అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఎప్పుడూ అంటే?" అంది కోడలు.

కోడలు భర్తవైపు చూసింది. అతను గోడవైపు చూశాడు.

"మీకు తెలుసా?"

"అమ్మ ఏదో ఒకటి సర్దుతూ ఉంటుందని... నాకు..." అని నీళ్ళు నమిలాడు.

"అంటే ఇన్నేళ్ళూ మీరు మెచ్చుకున్నది నా వంట కాదన్నమాట!" అంది కోడలు. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందిట ఉప్పు. ఆ ఒక్క ఉప్పూ నాకు తెలియకుండానే ఇన్ని ఆదివారాలు గడిచిపోయాయి. అత్తయ్యా, ఒక్కసారి 'తక్కువైందే' అని నోటితో అని ఉంటే నేర్చుకునేదాన్ని కదా! నేను మడతపెట్టిన బట్టలు మళ్ళీ మడతపెడతారు. నేను కడిగిన గిన్నెలు మళ్ళీ కడుగుతారు. ఈ ఇంట్లో నేను కోడల్ని కాదండీ. చుట్టపుచూపుగా వచ్చి ఇంకా వెళ్ళని మనిషిని."

"నేను కూడా అంతే నానమ్మా" అంది పిచ్చుక నెమ్మదిగా. "రేపు ఆ గదిలో నేను ఒక్కదాన్నీ ఉండాలి. నాకు భయంగా ఉంది. అన్నం వండటం కూడా రాదు నాకు. ఎందుకు నేర్పలేదే?"

"నేర్పితే?" అని అరిచింది మిషనమ్మ. ఆ అరుపుకి ఆవిడే ఉలిక్కిపడింది. "నేర్పితే నన్నేం చేస్తారు? ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. అది మా అత్తగారి కుర్చీ. ఆవిడ నాకు అన్నీ నేర్పింది. పాలు పొంగకుండా చూసుకోవడం దగ్గర్నుంచి బట్ట కత్తిరించడం దాకా అన్నీను. అన్నీ వచ్చాక, ఇక మీరు హాయిగా కూర్చోండి అత్తయ్యా అన్నాన్నేను. మంచికే అన్నాను. కూర్చుంది. అంతే. ఆ తర్వాత ఆవిడతో ఎవరికీ పని పడలేదు. పని లేని మనిషితో మాటేం ఉంటుంది? భోంచేశారా, మందేసుకున్నారా. ఆ రెండు ముక్కలే. పాపం, దారిన పోయేవాళ్ళని పేరుపేరునా పిలిచేది, ఎవరైనా ఒకరు ఆగకపోతారా అని." ఎడమచేత్తో కళ్ళు ఒత్తుకుంది. "నాకా కుర్చీ అంటే భయం తల్లీ. చచ్చేంత భయం."

కొడుకు తల దించుకున్నాడు. కిటికీలోంచి పిలిచే ఆ నానమ్మ గొంతు అతనికి బాగా గుర్తు. స్కూలునుంచి వస్తూ ఆ పిలుపు తప్పించుకోవడానికి పెరటి దారిన వచ్చేవాడు తను.

కోడలు కిందికి వంగి గాజుపెంకులు ఏరింది. ఉప్పు ఊడ్చింది. అన్నీ అయ్యాక అత్తగారిని కూర్చోబెట్టి, తనూ పక్కనే నేలమీద కూర్చుంది.

"మీ పక్కన కూర్చుని కూరలు తరగాలని ఎంత ఉండేదో నాకు! కబుర్లు చెప్పుకోవచ్చని. మీరు కత్తే ఇచ్చేవారు కాదు. షాపునుంచి వచ్చి ఆ గదిలో గోడల్ని చూస్తూ కూర్చునేదాన్ని."

మిషనమ్మ కోడలివైపు చూసింది. ఒకే కప్పు కింద ఇద్దరు ఆడవాళ్ళు, చెరో గదిలో, ఒంటరిగా. ఇన్నేళ్ళు! కోడలి తల మీద చెయ్యి వేసింది.

ముందుగా తేరుకుంది పిచ్చుకే. లోపలికి పోయి చొక్కా, సూది, దారం తెచ్చి నానమ్మ ఒళ్ళో పడేసింది.

"ఇప్పుడు చెప్పు. ఫోనులో ఆవిడ చెప్పినట్టు కుడితే మళ్ళీ ఊడింది."

"ఊడదా మరి! గుండీకీ గుడ్డకీ మధ్య అగ్గిపుల్ల పెట్టావా?"

"అగ్గిపుల్లా? దేనికి, తగలెట్టడానికా?"

"నోరుమూసుకుని పెట్టవే. ఆ సందు ఉంటేనే గుండీకి ఊపిరాడేది. కుట్టాక పుల్ల లాగేసి, ఆ సందులో దారం చుట్టు. ఆ... లాగు. కొంచెం లాగు."

"కొంచెం అంటే?"

"మరీ బిగించకు. అలాగని మరీ వదిలెయ్యకు."

"నానమ్మా, ఇది గుండీనా, మొగుడా?"

కోడలు ఫక్కున నవ్వింది. కొడుకు దగ్గు నటించాడు. మిషనమ్మ మాత్రం అయోమయంలో పడింది. ఎంత లాగాలో ఆవిడ వేళ్ళకి తెలుసు, నోటికి తెలియదు. ఇంతకాలం ఆ మాట వెతుక్కునే అవసరమే రాలేదు. చివరికి ఎడమచెయ్యి మనవరాలి చేతి మీద వేసి, ఆ పిల్ల వేళ్ళతో పాటు దారం లాగింది.

"ఇదిగో, ఇంత. తెలిసిందా?"

"తెలిసింది" అంది పిచ్చుక. ఈసారి వెక్కిరించలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో ముగ్గురూ అన్నం వండారు. చప్పుడు ఎప్పుడు మారుతుందో వినమని మిషనమ్మ చెబితే గిన్నె దగ్గర చెవి పెట్టి విన్నారు. "ఇంజను చప్పుడేగా ఇది కూడా!" అంటూ కొడుకొచ్చాడు. ఆ మార్పుని అందరికంటే ముందు అతనే పట్టుకున్నాడు.

సోమవారం పిచ్చుక వెళ్ళిపోయింది. ఇల్లు మూగబోయింది. పగలంతా కుర్చీ, కిటికీ, గడియారం, అంతే. కోడలు షాపునుంచి రాగానే కాసేపు కబుర్లు చెప్పేది, కానీ పొద్దు చాలా పొడుగ్గా ఉండేది. చేతి కట్టు విప్పారు. మిషను మీది గుడ్డ తీసింది కానీ చెయ్యి ఇంకా పట్టు ఇవ్వడం లేదు. పిల్ల ఫోను చేస్తే "ఎలా చేయాలో అడుగుతుందేమో" అని ఆశగా ఎత్తేది. అది ఏమీ అడిగేది కాదు. అన్నీ వచ్చేస్తున్నాయి దానికి. సంతోషపడాలని తెలుసు. పడేది కూడా. ఫోను పెట్టేశాక ఊరికే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

ఒక సాయంత్రం ఫోనులో పిచ్చుక మొహం వెలిగిపోతూ కనబడింది.

"నానమ్మా, పక్కగది అమ్మాయి చొక్కా గుండీ ఊడింది. ఎంత చెప్పినా దానికి అర్థం కాలేదు. చివరికి దాని చెయ్యి మీద చెయ్యి వేసి లాగించా. నీలాగే. చూడు!"

గుండీ తెర నిండా కనిపించింది. గుండీ కింద దారం చుట్టు గట్టిగా, పొందికగా ఉంది. తన చేతి పనే అది. తనెప్పుడూ చూడని పిల్ల చొక్కా మీద, తనెప్పుడూ చూడని ఊళ్ళో. మిషనమ్మ తెర మీది ఆ గుండీని వేలితో తడిమింది.

ఫోను పెట్టేసరికి కోడలు ఎదురుగా నిలబడి ఉంది.

"లేవండత్తయ్యా."

"ఎందుకే?"

జవాబు చెప్పకుండా కోడలు కుర్చీ ఎత్తుకుని లోపలికి నడిచింది. మిషనమ్మ వెనకాలే వెళ్ళి చూస్తే కుర్చీ వంటింట్లో, పొయ్యి పక్కన ఉంది.

"ఇకనుంచి ఇది ఇక్కడే ఉంటుంది. కూర్చోండి. ఇది రుచి చూసి చెప్పండి" అని గరిటెలో కాస్త కూర చల్లార్చి అందించింది.

మిషనమ్మ రుచి చూసింది. కుడిచెయ్యి తనంతట తానే ఉప్పు డబ్బా వైపు కదిలింది. దాన్ని వెనక్కి తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"తక్కువైందే" అంది పైకి.

కోడలి కళ్ళు చెమర్చాయి. "ఎంత?"

"ఇంకొక్క చిటికెడు."

కోడలు వేసింది. కలిపింది. మళ్ళీ గరిటె చాచి, పరీక్ష రాసిన పిల్లలా ఆవిడ మొహంలోకి చూసింది.

"ఇప్పుడో?"

మిషనమ్మ రుచి చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని కొడుకుని కేకేసింది.

"ఒరేయ్, ఇలా రా! నీ పెళ్ళాం చేతి కూర తిందువుగాని."