లాటిన్ ఆవు

"దూడ పొక్కు రసం మా ఒంట్లకెందుకు? పోచమ్మకు కోపమొస్తది," అని చంద్రవ్వ చెయ్యి కొంగులో దాచుకుంది. ఆమెను చూసి కామారెడ్డి స్టేషను వెనక వాడంతా చేతులు దాచుకుంది.

మశూచి టీకాలు వేసే యాకూబుకు చెమటలు పట్టాయి.

"ఈ మందు పేరే ఆవు పేరవ్వా," అంది బడి పంతులు అబ్రాహాము కూతురు లిదియా. మిషను దొరసాని దగ్గర లాటిన్ నేర్చిన పిల్ల. "లాటిన్‌ల ఆవును వక్కా అంటరు. దాంట్లకెల్లే వ్యాక్సిన్ అన్న మాట పుట్టింది."

"వక్కనా? మరి ఆకేది?" అన్నాడు యాకూబు ఊరుకోలేక.

"ఆకు మీరు తేవాలె. ఒక్కటైతే వక్కా, మంద అయితే వక్కే. ఆడమాట అది, ఎద్దుకు చెల్లదు."

"వక్కా యాడికెల్లి పుట్టింది?"

"పండితులకే తెల్వదు. సంస్కృతంల వశా అన్నా ఆవే, దానికి చుట్టమంటరు. ఖాయం కాదు. ముందు నాకెయ్యండ్రి." ఎడమ చెయ్యి చాపింది.

"ఆడమాట అంటే తల్లే గద," అని గొణుగుతూ చంద్రవ్వ వెనకే నిలబడింది. వరస కదిలింది.

వారానికి తిరిగొచ్చి పొక్కు లేచిందో లేదో చూడాలి, లేవకపోతే మళ్ళీ వేయాలి. అది సర్కారు పద్ధతి. ఇంతలో యాకూబుకు ఎల్లారెడ్డికి బదిలీ హుకుం వచ్చింది. లిదియాకు పొక్కు లేస్తే ఆ గడప తొక్కే పని ఇక ఉండదు.

ఆ వారం అతనికి కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు. దోమకొండకని బయలుదేరి, దారి మరచి భిక్నూర్ దాకా సైకిల్ తొక్కాడు. తాను వేసిన టీకా పట్టకూడదని మొక్కుకున్నవాడు నిజాం రాజ్యంలో అతనొక్కడే అయ్యుంటాడు. మశూచి ఆటలాడే రోగమా అని మళ్ళీ తనను తానే తిట్టుకున్నాడు.

ఎనిమిదో నాడు చినుకుల్లో తడిసి లిదియా వాళ్ళ అరుగెక్కాడు. ఆమె ఎడమ చెయ్యి చూపింది. పొక్కు లేదు.

సంతోషం, వెంటనే భయం. "పట్టలేదు. మళ్ళ వెయ్యాలె," అన్నాడు టీకాల సంచి విప్పుతూ.

"వేసినా పట్టదు." రవిక కుడి చెయ్యి పైకి జరిపింది. అక్కడ టీకా మచ్చ. "నిరుడే మిషను నర్సులు వేసిన్రు."

"తెలిసి ఎందుకు వేయించుకున్నరు?"

"అవ్వలకు ధైర్యం రావాలె గద." రవిక చెయ్యి కిందికి దించుకుంది. "పట్టకపోతే మీరు మళ్ళ రావాల్సొస్తది గద."

యాకూబు సంచి మూసేశాడు. "సోమవారం ఎల్లారెడ్డికి పోతున్న. మా అవ్వను తోలుకొస్త. మీ బాపుతోని మాట్లాడతది."

"జల్ది రాండ్రి," అంది లిదియా. "ఇంకో సాకు నా తాన లేదు."