పేరంటాలు కుండలో తోడు

చీఫ్ జగన్నాథరావు కడుపు మాత్రం నిక్షేపంగా ఉంది. ఏజెంట్ సంజీవరావుకి ఒళ్ళు మండేది అందుకే.

రెండేళ్ళ కిందట ఒక మిషన్‌కి పంపుతూ, "అక్కడ కలరా ఉంది, ముందు జాగ్రత్త" అంటూ నెల పొడుగునా యాంటీబయాటిక్ బిళ్ళలు మింగించింది ఆ చీఫే. కలరా రాలేదు. కడుపు పోయింది. అప్పట్నుంచి ఏ ఊళ్ళో దిగినా సంజీవరావు ముందు వెతుక్కునేది శత్రువుని కాదు, మరుగుదొడ్డిని.

1972. తెనాలి స్టేషన్ ఎదుట లాడ్జి, మేడ మీద గది. జగన్నాథరావు పెసరట్టు తింటున్నాడు.

"పాలు తోడుకున్నాయా?" అన్నాడు తలెత్తకుండా.

"ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయండి."

కోడ్ కలిసింది.

"కూర్చో. నువ్వూ ఓ అట్టు లాగించు."

"తింటే మిషన్ మీరే చేసుకోవాల్సొస్తుందండి."

చీఫ్ వినిపించుకోలేదు. బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. బాపట్లలో డాక్టర్ బసవేశ్వరరావు పెరుగులోంచి ఒక బాక్టీరియాని వేరు చేశాడు. మందులతో పాడైన పేగుల్ని బాగుచేసే రకం. ఒక విదేశీ ముఠా దాని మీద కన్నేసింది. సీసాని కాపాడాలి.

"ల్యాబ్‌లో మన మనిషి హైమావతి ఉంది. నమ్మొచ్చు. తాళంచెవి నేనే ఇప్పించాను. ఇదిగో పెన్ను. క్యాప్ నొక్కితే మత్తు గ్యాస్."

"కిందటిసారి ఇది నా జేబులోనే పేలిందండి."

"రిపేరు చేయించాంలే!"

మెడికల్ రిప్రజెంటేటివ్ వేషంలో, టై కట్టుకుని సంజీవరావు బాపట్ల చేరేసరికి ల్యాబ్‌లో ఫ్రిజ్ తెరిచి ఉంది. సీసా లేదు. హైమావతీ లేదు. డాక్టర్ తల పట్టుకుని కూర్చున్నాడు.

"పొద్దున్నే వేడివేడి కాఫీ ఫ్లాస్కులో సీసా దాచి పట్టుకుపోయిందయ్యా! వాచ్‌మన్ గేటు తీసి సెల్యూట్ కూడా కొట్టాడు. అదలా ఉంచు, నీ మొహం ఏంటి అలా పీక్కుపోయింది?"

సంజీవరావు బిళ్ళల సంగతి చెప్పాడు.

"మన పేగుల్లో మేలుచేసే బాక్టీరియా ఉంటుందయ్యా. తిన్నది అరగడానికి సాయం చేస్తుంది. జబ్బు క్రిములకి చోటివ్వదు. నీ బిళ్ళలు మంచీ చెడ్డా చూడకుండా అన్నిటినీ తుడిచిపెట్టాయి. నీకు కావాల్సింది ఆ సీసాలో రకమే."

సంజీవరావుకి ఏడుపొచ్చినంత పనైంది. "ఇంకో సీసా లేదాండి?"

"దాని పుట్టిల్లు ఉంది. రేపల్లె అవతల పల్లెపాలెంలో పేరంటాలు అనే ఆవిడ పెరుగు కుండ. అది హైమావతికీ తెలుసు. ఆ కుండ కూడా పాడుచేసిందా, ఇక ఆ రకం ముఠా చేతిలోనే. నీలాంటివాళ్ళు వాళ్ళ కాళ్ళు పట్టుకోవాల్సిందే."

సంజీవరావు రేపల్లె బస్సెక్కాడు. దారిలో రెండుచోట్ల బస్సు ఆపించి, కండక్టరు చేత తిట్లు తిన్నాడు.

పల్లెపాలెం చేరేసరికి పొద్దు వాలుతోంది. పేరంటాలు గేదె దగ్గర ఉంది. ఎదురింటి అరుగు మీద నాంచారయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

"పిన్నిగారూ, మీ తోడు ఇంకెవరింట్లో అయినా ఉందాండి?"

"ఎవరి తోడు వాళ్ళకుందిగా బాబూ, అడిగేవాళ్ళెవరు? ఇది మా అమ్మ నాటిది. నీకు కావాలంటే బేగి చెప్పు. దీపం పెట్టాక తోడు గడప దాటదు."

ఒక కుండనైతే పాడుచేయొచ్చు. వీధి మొత్తం గిన్నెల్లో ఉన్న తోడుని ఏ ముఠా చంపుతుంది? సంజీవరావు టై ఎగురుతుండగా ఇంటింటికీ పరిగెత్తాడు.

"అమ్మా, గిన్నె తీసుకుని పేరంటాలు గారింటికి పదండి! తోడు అడగండి!"

"మా తోడుకేం రోగమొచ్చింది?" అంది నాంచారయ్య భార్య గంగాభవాని. "మందులమ్ముకునే అబ్బాయివి, పెరుగుతో నీకేం పని?"

"కడుపుకి మంచిదండి. డాక్టరే చెప్పాడు."

"అందుకేనా అంత పుష్టిగా ఉన్నావు!"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. నవ్వుకుంటూనే గిన్నెలు తెచ్చారు. పేరంటాలు అగ్గిపుల్ల గీస్తుండగా గంగాభవాని గిన్నె గడప దాటింది. మంట దీపం వత్తికి అంటుకుంది.

అప్పుడే రిక్షా ఆగింది. నల్ల కళ్ళద్దాలు, సిల్కు చీర, చంకలో ఫ్లాస్కు, చేతిలో పిస్టల్. హైమావతి నేరుగా లోపలికొచ్చి, కుండలో తెల్లటి పొడి కుమ్మరించింది.

"ఆలస్యమైంది. తెనాలిలో చీఫ్ గారు భోంచేసి వెళ్ళమన్నారు" అంది.

సంజీవరావు పెన్ను తీసి క్యాప్ నొక్కాడు. చొక్కా మీద సిరా కారింది.

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు మీదే నాంచారయ్య విసిరిన వల వచ్చి పడింది. పిస్టల్ పెరట్లో గేదె కాళ్ళ దగ్గరికి జారిపోయింది.

"సీసా నా దగ్గరే ఉంది! కుండ చచ్చింది!" అని వలలోంచి అరిచింది హైమావతి.

"కుండ చస్తే చావనీ, వీధిలో ప్రతి గిన్నెలో తోడుంది. నీ సీసా మాటేంటి? పొద్దుట్నుంచీ మరిగే కాఫీలో ఉడికింది. మా ఇంట్లో అమ్మ, వేడి తగ్గిందో లేదో వేలుపెట్టి చూసుకోకుండా పాలలో తోడు వేసేది కాదు. నువ్వు మోసుకొచ్చింది శవాన్ని" అన్నాడు సంజీవరావు.

హైమావతి ఫ్లాస్కు వంక చూసింది.

పాత కుండ పాతిపెట్టి, గంగాభవాని దగ్గర తన తోడే తను అడిగి తెచ్చుకుంది పేరంటాలు. సంజీవరావు నెలపాటు డ్యూటీకి సెలవు పెట్టి ఆవిడ చేతి పెరుగన్నం తిన్నాడు. కడుపు కుదురుకుంది.

"ఎంతివ్వమంటారు పిన్నిగారూ?"

"తోడుకి డబ్బులేంటి బాబూ, చోద్యం కాకపోతే!"

ఆవిడ నవ్వింది. సంజీవరావు నవ్వలేకపోయాడు. ఇదే కడుపు కోసం మద్రాసు డాక్టర్ల చుట్టూ తిరగడానికి, జగన్నాథరావు బావమరిదికే అతను అమ్ముకున్నది జంపని కాలవ కింద మాగాణి, ఎకరం ముప్ఫై సెంట్లు.