అర్థమైతేనే వేలిముద్ర

2091లో సరుకు దింపుకోవడమంటే ముందు పరీక్ష పాసవడమే. లారీ తలుపుకు పల్చటి రేకులాంటి బోధపత్రం అంటించి ఉంటుంది. దాని మీద బొటనవేలు ఆనించి చదవాలి. వేలి నరాల్లోని సంకేతాలను బట్టి, చదివింది బుర్రకెక్కిందా, మనసు ఒప్పిందా అని అది తేల్చుకుంటుంది. రెండూ కుదిరితేనే ముద్ర పడుతుంది, తాళం వీడుతుంది. చదవకుండా సంతకాలు పెట్టి మునిగిపోయే రైతుల కోసం డాక్టర్ మృణాళిని దీన్ని కనిపెట్టింది.

కృత్తివెన్ను చెరువుగట్టు మీద ఆ ఉదయం అది రొయ్యల రైతు ఏసురత్నం వేలిని నాలుగోసారి తిప్పికొట్టింది. లారీలో ఎనభై సంచుల రొయ్యపిల్ల. సంచుల్లో ఆక్సిజన్ ఇంకో గంటే వస్తుంది. నిరుడు పిల్ల చచ్చి పంట పోయింది. ఇదీ పోతే కౌలుచెరువు వదులుకోవలసిందే.

"బాబాయ్, ఏదో ఒకటి అర్థం చేసుకో. ఇంకా రెండూళ్లు తిరగాలి," అన్నాడు డ్రైవర్ మస్తాన్, స్టీరింగు మీద తల వాల్చి.

ఫిర్యాదు అంది వచ్చిన మృణాళిని కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. ఆ వారంలో ఇలా తాళం రాక ఆగిపోయిన లారీల్లో ఇది పదహారోది.

"ఏ ముక్క అర్థం కాలేదండీ?"

"అన్నీ అర్థమయ్యాయమ్మా. 'సంచులు విప్పి చూశాను, పిల్ల బాగుంది' అని రాశారు. తాళం తియ్యకుండా చూసేదెట్టా? వేలు వేస్తేగానీ తాళం రాదంట."

"అది రవాణా కంపెనీ రాసుకున్న మాట. అందరూ వేసేవాళ్లే."

"నిరుడు నేనూ వేశా. పిల్ల చచ్చిందని వెళ్తే, బాగుందని నువ్వే రాసిచ్చావు కదయ్యా అని పంపించేశారు."

పత్రం మెల్లగా పలికింది: "అవగాహన పూర్తి. అంగీకారం లేదు."

యంత్రంలో లోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది మృణాళినికి.

ఇలాంటప్పుడు తాళం తెరిపించే అధికారం ఆమెకుంది. చేతిలోని పలకలో రవాణా కంపెనీ ఏడు పేజీల ఒప్పందం వచ్చింది. అది మామూలు తెరే, చదివిందీ లేనిదీ పట్టించుకోదు. చదువుకున్నవాళ్లకు బోధపత్రం ఎందుకని అప్పట్లో ఆమే అంది. ఓపిక లేక, పేజీలన్నీ ఒక్క తోపున కిందికి తోసి వేలు నొక్కింది.

"ఏం రాసుందమ్మా అందులో?"

"మామూలే."

తాళం వీడింది. ఏసురత్నం ఒక సంచి బేసిన్‌లోకి వంపి, నీళ్లను గిర్రున తిప్పాడు. బలమున్న పిల్ల నీటికి ఎదురీదుతుంది. ఒక్కటీ ఈదలేదు. అన్నీ తెల్లగా మధ్యకు చేరి కుప్పపడ్డాయి. మరో మూడు సంచులు వంపాడు. అవీ అంతే.

మస్తాన్ పలక అందుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. "'తాళం తెరిపించినవారే సరుకు చూసి తీసుకున్నట్టు. నష్టం వస్తే భర్తీ వారిదే.'"

మృణాళిని పలక తీసుకుని, ఆ వాక్యం తనే చదువుకుంటూ గట్టు మీద కూర్చుంది. ఏసురత్నం తువ్వాలు దులిపి, కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"నిరుడు నాకూ మామూలే అనిపించిందమ్మా," అన్నాడు. ఆపైన నెమ్మదిగా అడిగాడు:

"మరి కొత్త పిల్లని మీరెప్పుడు పంపిస్తారు?"