కాలిన పెరట్లో తెల్ల ఆకారం

చీకటి పడితే ఆ పెరటి వైపు ఎవరూ చూసేవారు కాదు. కార్చిచ్చుకి ఇల్లు కూలింది సరే... మంటలారి వారాలైనా పెరట్లో కాలిపోయిన చెట్టు ఉన్నచోట పొగ లేస్తోందట. ఆ పొగలో తెల్లగా ఏదో తిరుగుతోందట. దానికి ముఖం లేదట!

ఆ ఇల్లు ఎవరిదో కాదు, మా పెదనాన్నదే. "నేను కట్టుకున్న ఇంట్లో దెయ్యం కాపురమేంటి?" అని ఎగిరిపడేవాడు. వీధి వీధంతటికీ గడ్డాలు గీసే మనిషి, నోరూ కత్తే. పెద్దమ్మ మాత్రం, "నిజమేనటండీ, ఆ ఛాయలకు పోకండి" అనేసి ఆస్పత్రిలో నర్సు డ్యూటీకి వెళ్లిపోయేది.

ఆయన బాధ వేరు. మంటలొచ్చిన రోజు పారిపోతుంటే, ఆయన చేతుల్లోంచే పెంపుడు పిల్లి దూకేసింది. అప్పట్నుంచీ కంటిమీద కునుకు లేదు. మా ఇంట్లో తలదాచుకుంటూ, కనిపించిన ప్రతి గోడమీదా దాన్నే వెతికేవాడు.

ఓ సాయంత్రం ఇక ఆగలేకపోయాడు. చెప్పులేసుకుని, టార్చి పట్టుకుని, ఎవరూ పోకుండా పెరటికి అడ్డంగా కట్టిన తాడు దాటేశాడు. తర్వాత జరిగింది ఆయన చెప్పగా విన్నదే.

అంతా నిశ్శబ్దం... కాళ్లకింద బూడిద మెత్తగా, వెచ్చగా...

"మ్యావ్!"

అవతలి గోడ దగ్గర్నుంచి! ప్రాణం లేచొచ్చింది. చెట్టుండే చోటు మీదుగా అడ్డంపడి పోదామని కాలెత్తాడు —

"కదలొద్దు..."

పొగలో తెల్లటి ఆకారం. ముఖం లేదు. గాజుకళ్లు మెరుస్తున్నాయి. పెదనాన్న ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

ఆకారం చేతిలోని ఇనుపచువ్వని ఆయన ముందు బూడిదలో గుచ్చింది. చువ్వ సగానికి పైగా దిగిపోయింది... నిప్పురవ్వలు గుప్పున లేచాయి. పైన చెట్టు ఎప్పుడో కాలిపోయినా, లోపల వేళ్లు ఇంకా రగులుతూనే ఉన్నాయి.

పిల్లి గోడ దూకి, తాపీగా వచ్చి దెయ్యం కాళ్లకి ఒళ్లు రాసుకుంది.

దెయ్యం కళ్లద్దాలూ మాస్కూ లాగేసింది. పెద్దమ్మ! ఒంటిమీద ఆస్పత్రి తెల్ల గౌను, కాళ్లకి బూట్లు. వెనక గోడమీద అన్నం గిన్నె.

"రోజూ... నువ్వేనా?"

"నేనే. దెయ్యం భయంతోనైనా మీరు రారనుకున్నా. చెప్పులేసుకుని వచ్చేశారు!" తిట్టబోయి, ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "రోజూ గిన్నెలో అన్నం పెడితే ఇవాళ్టికి పిల్లి తిరిగొచ్చింది. మీరీ గుంతలో పడితే... ఎన్ని గిన్నెలు పెడితే తిరిగొస్తారండీ?"